పిట్టలదొరతో సికింద్రాబాద్ ప్రయాణం

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "దేశరక్షణలో తెలుగువారి పాత్ర" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ వేదిక మీదే నలుగురున్నారు. నేను ఇరవై ఎనిమిదేళ్లు క్లర్కుగా చేసి సుబేదార్‌గా రిటైరైనవాణ్ణి. నా చేతిలో రైఫిల్ కంటే పెన్నే ఎక్కువ కాలం ఉంది. అందుకని ఆయన అనుమతితోనే విషయం మార్చుకున్నాను. 2023 నవంబరులో మన సంఘం తరఫున ఐదుగురం ఒక పాత టవేరా బండిలో నాగపూర్ నుంచి సికింద్రాబాద్ వెళ్లి, మాజీ సైనికుల తెలుగు కుటుంబాల సదస్సులో పిట్టలదొర వేషం ప్రదర్శించి వచ్చాం. ఆ సంగతి చెబుతాను. నవ్వు వస్తే నవ్వండి. చివర్లో మాత్రం ఒక పని చెబుతాను, అది మీరు చెయ్యాలి.

పిట్టలదొర అంటే కోస్తావాళ్లలో కొందరికి తెలియకపోవచ్చు. నాదీ విజయనగరం జిల్లాయే కనుక మొదట నాకూ తెలియదు. తెలంగాణ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, నవ్వించి, గింజలో పైసలో పెట్టించుకుని వెళ్లే కళాకారుడు పిట్టలదొర. తుపాకి రాముడు అని, లత్కోర్ సాబ్ అని కూడా అంటారు. మాసిన ఖాకీ నిక్కరు, అతుకుల కోటు, నెత్తిన దొరటోపీ, భుజాన కర్ర తుపాకి. వాకిట్లో నిలబడి తన ఆస్తుల గురించి, తన ప్రతాపం గురించి ఊపిరి తీసుకోకుండా కోతలు కోస్తాడు. చెప్పేవన్నీ అబద్ధాలని వినేవాళ్లకి తెలుసు. తెలుసని అతనికీ తెలుసు. దొరల దర్పాన్ని దొరవేషంలోనే ఎగతాళి చెయ్యడం ఆ ఆటలోని గమ్మత్తు.

మన సంఘంలో ఈ వేషం కట్టగలిగినవాడు ఒకడున్నాడు. జగిత్యాల వైపు మనిషి, ఫిరంగి దళంలో హవల్దార్‌గా చేసి వచ్చాడు. పేరు చెప్పవద్దన్నాడు కనుక హవల్దార్ సాబ్ అనే అంటాను. చిన్నప్పుడు ఊరికి వచ్చిన పిట్టలదొర వెనకాల తిరిగి తిరిగి ఆ మాటల వేగం పట్టాడు. సర్వీసులో ఉండగా బడాఖానాల్లో కట్టేవాడు. బడాఖానా సంగతి మీకు తెలిసిందే. వంటవాడు పాడతాడు, డ్రైవర్ ఆడతాడు, కమాండింగ్ ఆఫీసర్ ముందు ఆయన నడకనే అనుకరించినా ఆ ఒక్కరాత్రి ఎవరూ ఏమీ అనరు.

సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఆహ్వానంలో మా అంశానికి ఎదురుగా "వినోదం, 15 నిమిషాలు, భోజనం తరువాత" అని ఉంది. ఫౌజులో భోజనం తరువాత క్లాసు తీసుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, దానికంటే కష్టమైన డ్యూటీ ఉందా? పైగా తేదీ నవంబరు 19, ఆదివారం. హాలు బుక్ చేసిన రోజుల్లో ఎవరికీ తట్టలేదు కాని, అదే రోజు మధ్యాహ్నం రెండు గంటలకు అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఇండియా ఫైనల్‌కి వచ్చి కూర్చుంది.

శనివారం తెల్లవారి ఆరింటికి బయలుదేరాం. హవల్దార్ సాబ్, నేను, మైకు సంగతులు చూసే వాయుసేన సార్జంట్ గారు, ఆయన భార్య, బండి నడిపే కుర్రాడు. పాత నెంబరు ప్రకారం ఎన్‌హెచ్ 7, ఇప్పుడు ఎన్‌హెచ్ 44. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు. ఉధంపూర్, పఠాన్‌కోట్, జలంధర్, అంబాలా, ఝాన్సీ... మనలో చాలామంది సర్వీసంతా ఈ ఒక్క రోడ్డు పక్కనే గడిచింది. హింగన్‌ఘాట్ దాటేసరికి సార్జంట్ గారు పోస్టింగుల లెక్క మొదలుపెట్టారు, పెనుగంగ వచ్చినా అది తెమలలేదు.

పెనుగంగ దాటగానే తెలంగాణ. నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికలు. చెక్‌పోస్టులో ప్రతి బండినీ ఆపి డిక్కీలు తెరిపిస్తున్నారు. మా డిక్కీ తెరిచిన కానిస్టేబుల్‌కి మొదట కనిపించింది తుపాకి బట్టు. ఆ తరువాత ఖాకీ బట్టలు. సబ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, చిన్నవయసు కుర్రాడు. "ఇదేంటండీ?" అన్నాడు. నేను నా మాజీ సైనిక గుర్తింపు కార్డు చూపించి విషయం చెప్పాను. "మిలిటరీ డ్రెస్సు వేసుకోవడం నేరం కదా సార్?" అన్నాడు. అప్పటికి అమల్లో ఉన్నది ఐపీసీ. అందులో 140వ సెక్షన్ ప్రకారం సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకుంటేనే నేరం. ఆ మాటే చెప్పి, "బాబూ, ఈ వేషంలో ఇతన్ని సైనికుడని నమ్మేవాడు ఎవడైనా ఉన్నాడేమో చూడు" అన్నాను. చొక్కా ఒక పాత బస్సు డ్రైవర్‌ది. మెడల్స్ బదులు సోడామూతలు. ఏ రెజిమెంటు గుర్తూ, ఏ ర్యాంకూ లేకుండా చూడటం హవల్దార్ సాబ్ పెట్టుకున్న నియమం.

ఇంకా అనుమానం తీరక "క్యాష్ ఎంతుంది? యాభై వేలు దాటితే కాగితాలుండాలి" అన్నాడు. హవల్దార్ సాబ్ ఇక ఆగలేకపోయాడు. టోపీ పెట్టుకుని సెల్యూట్ కొట్టి, "యాభై వేలేంది సారూ, యాభై లచ్చలున్నయ్ నాయి. అన్ని మంది దగ్గర్నే ఉన్నయ్, నాకే రావాలె!" అన్నాడు. కానిస్టేబుళ్లు పడీ పడీ నవ్వారు. మమ్మల్ని పంపించేశారు. కాని డిక్కీ సర్దేటప్పుడు స్టెప్నీ టైరు మీదపడి తుపాకి బట్టు విరిగింది.

ఆదిలాబాద్‌లో టిఫిన్ చేసి, ఘాటు దిగి మధ్యాహ్నానికి నిర్మల్ చేరాం. కొయ్యబొమ్మల ఊరు కదా అని ఒక బొమ్మల పనివాణ్ణి పట్టుకున్నాం. అక్కడ బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు, తేలికగా ఉంటుంది. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు వేస్తారు. ఆ ముద్దతోనే మా బట్టు అతికి, గుడ్డ చుట్టి, "రేపటిదాకా నేలకు ఆనియ్యకు" అన్నాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. మర్నాడు వేదిక మీద అతని పని గురించి చెప్పమన్నాడు, చెప్పాం.

ఇక అసలు సంగతి. నిర్మల్ దాటాక బండిలో రిహార్సల్ మొదలైంది. అప్పటికి మా స్క్రిప్టు ఏమిటంటే, సియాచిన్‌లో మంచు కరిగించిన కథ, మెస్సులో రొట్టెతో బంకర్ కట్టిన కథ, ఇలాంటివి. సార్జంట్ గారి భార్య చాలాసేపు విని ఒక మాటన్నారు. ఆమె నన్ను అన్నయ్యగారూ అంటారు.

"అన్నయ్యగారూ, మీ మగాళ్ల కోతలు ముప్పై ఏళ్లుగా వింటూనే ఉన్నాం. వీటిలో భార్య ఎక్కడా లేదే?"

"పెడదాం తల్లీ. ఏం పెట్టమంటావు?"

"నా పేరు మీ బావగారి సర్వీసు రికార్డులో ఎలా ఉందో అడగండి."

సార్జంట్ గారు కిటికీలోంచి పొలాలు చూడసాగారు. తరువాత తెలిసింది. పెళ్లయిన కొత్తలో ఆయన రాయించిన పేరు వేరు, ఆమె ఆధార్‌లో పేరు వేరు. వైద్యం కార్డు కోసం వెళితే "ఈమె, ఆమె ఒకరేనని రుజువు ఏది?" అన్నారట. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు సంపాదించడానికి ఆమెకు ఏడాది పట్టింది.

ఇది మన తెలుగువాళ్లకు మరీ ఎక్కువ. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. దరఖాస్తులో మొదటి పేరు, చివరి పేరు అని అడిగితే ఒక్కొక్క క్లర్కు ఒక్కొక్క రకంగా రాస్తాడు. పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి. పంతొమ్మిదేళ్ల సిపాయి సెలవులో వెళ్లి పెళ్లి చేసుకుని వచ్చి, భార్య పేరేమిటంటే నోటికి వచ్చిన ముద్దుపేరు చెప్పేవాడు. పార్ట్ టూ ఆర్డర్‌లో అదే పడేది. డిశ్చార్జి బుక్కులో అదే, పెన్షన్ కాగితంలో అదే. కొందరికి పీపీఓలో ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆర్మూర్ దగ్గర, ఆ రాళ్లగుట్టల పక్కన దాబాలో చాయ్ తాగుతూ కొత్త స్క్రిప్టు రాశాం. నేను కాగితం మీద ప్రశ్నలు, హవల్దార్ సాబ్ నోటితో జవాబులు. అక్కడే ఒకసారి చేసి చూశాం. లారీ డ్రైవర్లు ఆరేడుగురు మూగారు. సియాచిన్ కోతలకి వాళ్లు పెద్దగా నవ్వలేదు. భార్య పేరు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నవ్వారు. తరువాత వాళ్లలో ఒకాయన దగ్గరికి వచ్చి, "మా నాయిన పోయినంక మా అవ్వ గిట్లనే రెండేండ్లు తిరిగింది సారూ" అన్నాడు. ఆయన ఫౌజీ కాదు. అప్పుడు మాకు నమ్మకం కుదిరింది.

ఆదివారం. సదస్సు హాలు నిండుగా ఉంది. ఒక పక్క గోడ దగ్గర సహాయ కేంద్రం అని బల్ల వేసి ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. పెన్షన్ సమస్యలు, స్పర్శ్ సమస్యలు, లైఫ్ సర్టిఫికెట్టు ఏదైనా అడగవచ్చు. పొద్దుటినుంచి ముగ్గురో నలుగురో వెళ్లారు, అంతే. వేదిక మీద ఒకరు స్పర్శ్ గురించి నలభై నిమిషాలు చక్కగా చెప్పారు. చెప్పినదంతా నిజమే. వింటున్నవాళ్లలో సగంమంది ఆడవాళ్లు. వాళ్లు అది మగవాళ్ల వ్యవహారమనుకుని పిల్లలకు అరటిపళ్లు ఒలిచి పెట్టుకుంటూ కూర్చున్నారు.

భోజనాలయ్యాయి. అందరి చేతుల్లో ఫోన్లు. రోహిత్ శర్మ 47 దగ్గర ఔటయ్యాడు, వెంటనే శ్రేయస్ అయ్యర్ కూడా పోయాడు. ఆ తరువాత ఎంతసేపటికీ ఒక్క ఫోరు లేదు. హాలంతా సంతాపసభలా ఉంది. సరిగ్గా అప్పుడు మమ్మల్ని పిలిచారు. ఉపన్యాసాలు ఆలస్యమైనందువల్ల పదిహేను నిమిషాలు ఏడయ్యాయి.

వేషం చూడగానే వేదిక మీదున్న ఒక రిటైర్డ్ కల్నల్ గారు చెయ్యెత్తారు. "యూనిఫాం చింపి నవ్విస్తారా? ఇక్కడ కూర్చున్నవాళ్లు ఆ బట్టల్లో ప్రాణాలు పెట్టినవాళ్లు" అన్నారు. ఆ మాటలో తప్పులేదు. హవల్దార్ సాబ్ సావధాన్‌లో నిలబడి, "సాబ్, ఇది యూనిఫాం కాదు. బస్సు డ్రైవర్ అంగీ, సోడామూతలు. ఫౌజు గుర్తు ఒక్కటున్నా నేనే దిగిపోతా" అన్నాడు. కల్నల్ గారు లేచివచ్చి చొక్కా భుజాలు, టోపీ స్వయంగా చూశారు. చూసి, "క్యారీ ఆన్" అని ముందు వరుసలో కూర్చున్నారు.

హవల్దార్ సాబ్ మొదలుపెట్టాడు. "అహ్మదాబాద్ల నన్ను ఆడుమన్నరు. నా తుపాకితోని కొడితె బంతి పాకిస్తాన్ల పడ్తది, మల్ల తేవాలంటె వీసా కావాలె, వద్దన్న!" ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. "నా పెన్షన్ పైసలు మోయలేక బ్యాంకు గోడ కూలింది. ఇప్పుడు ఎద్దులబండి మీద ఇంటికే తెస్తున్నరు. ఎద్దులు ఇంకా పుట్టలే!" ఇలా రెండు నిమిషాలు. అప్పుడు నేను పక్కనుంచి అడిగాను.

"దొరా, నీకు పెళ్లాం ఉందా?"

"నలభై ఏండ్ల సంసారం. ఊరందరికి ఎర్క."

"కాగితంలో ఉందా?"

"డిశ్చార్జి బుక్కుల రాజవ్వ. ఆధార్ల రాజేశ్వరి. బ్యాంకుల రాజమణి. ఎంత పెద్ద దొరను చూడు, నాకు ముగ్గురు పెండ్లాలు! వండిపెట్టేది మాత్రం ఒక్కతే."

హాలు గొల్లుమంది. నవ్వు తగ్గేదాకా ఆగి అడిగాను.

"దొరా, రేపు నువ్వు లేకపోతే పెన్షన్ ముగ్గురిలో ఎవరికిస్తారు?"

పిట్టలదొర నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆ వేషంలో నోరు మూతపడే చోటు అదొక్కటే, దాన్ని మేం ఆర్మూర్‌లో పెట్టాం. తుపాకి దించి, టోపీ తీసి, మెల్లగా అన్నాడు.

"ముగ్గురికీ ఇయ్యరు."

ఎవరూ నవ్వలేదు. హవల్దార్ సాబ్ తన మామూలు గొంతుతో చివరి మాట చెప్పాడు. "అమ్మా, నేను చెప్పినవన్ని అబద్ధాలని మీకు ఎర్క. మీరు చెప్పేవన్ని నిజాలని మాకు ఎర్క. కాయిదం లేకపోతే ఆఫీసుల ఇద్దరం ఒక్కటే. బల్ల అగో, ఆడ ఉన్నది."

ముందు ఒకామె లేచింది. తరువాత వరస కట్టారు. ఇద్దరు పెద్దమనుషులు చాలక, కల్నల్ గారే ఒక కుర్చీ లాక్కుని కూర్చుని సాయంత్రం ఆరుదాకా దరఖాస్తులు రాశారు. ఆ రోజు ఆ మ్యాచ్ చూసే బాధ తప్పిన అదృష్టవంతుడు ఆయనొక్కరే.

వాళ్లలో ఒకావిడ సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి మనవడితో వచ్చింది. భర్త 1988లో నాయక్‌గా రిటైరయ్యాడు, పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. ప్లాస్టిక్ కవరులో కాగితాలన్నీ ఉన్నాయి. పీపీఓలో కుటుంబ పెన్షన్ గడి ఖాళీ. డిశ్చార్జి బుక్కులో ఆమె పుట్టింటి పిలుపు పేరు. ఆమెకు చదువు రాదు. "నా పేరు అండ్ల ఉన్నదా సారూ?" అని అడిగింది. లేదని చెప్పవలసివచ్చింది.

ఆ కేసు మేం పట్టుకున్నాం. భార్యాభర్తల ఉమ్మడి అఫిడవిట్, రెండు పేర్లూ ఒకరివేనన్న ధ్రువపత్రం, పెళ్లికి సంబంధించిన రుజువు, ఆధార్, ఉమ్మడి ఫోటో. అన్నీ సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్ ఆఫీసుకు వెళ్లాయి. రెండుసార్లు తిరిగొచ్చాయి, రెండుసార్లు మళ్లీ పంపాం. భర్త మాట పోయింది కాని, వేలిముద్ర వెయ్యగలిగాడు. అదే మమ్మల్ని గట్టెక్కించింది. 2024 జూన్‌లో సవరణ పీపీఓ వచ్చింది. ఆగస్టులో ఆయన చనిపోయాడు. అక్టోబరులో ఆమె మనవడి ఫోన్ నుంచి మాట్లాడింది. "సారూ, పైసలు పడ్డయ్. నా పేరు మీదనే పడ్డయ్" అంది. కుటుంబ పెన్షన్ సాధారణంగా చివరి జీతంలో 30 శాతం. పెద్ద మొత్తమేమీ కాదు. కాని ఆ ఇంట్లో అదొక్కటే ఆదాయం.

మిత్రులారా, ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన పని. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక డిశ్చార్జి బుక్కు, పీపీఓ, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు ఈ ఐదూ ఒకచోట పెట్టండి. భార్యను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె పేరు, పుట్టినతేదీ ఐదింటిలోనూ ఒకేలా ఉన్నాయా అని ఆమె చేతనే చదివించండి. చదువు రాకపోతే మీరు చదివి వినిపించండి. స్పర్శ్ ఖాతాలో కుటుంబ వివరాల పేజీ తెరిచి చూడండి. తేడా ఉంటే మీరు ఉండగానే సరిచేయించండి. మీ సంతకం ఒక్కటి ఇవాళ చేసే పని, రేపు ఆమె పది ఆఫీసులు తిరిగినా కాదు. లైఫ్ సర్టిఫికెట్టు నవంబరులో ఇవ్వాలి, 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు అది మేలు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. పెళ్లయినా, పిల్లలు పుట్టినా పార్ట్ టూ ఆర్డర్ పడిందా అని అడిగి ఊరుకోవద్దు. వాయుసేనలో అయితే పీఓఆర్. ఆ కాగితం తెప్పించుకుని అక్షరం అక్షరం చూడండి. ఇంటిపేరు ఎక్కడ పడిందో చూడండి. క్లర్కుకు వందమంది పేర్లు, మీకు ఒక్కపేరే.

మన సంఘం తరఫున నెలకొక ఆదివారం సహాయ బల్ల వెయ్యాలని కార్యవర్గం తీర్మానించింది. దరఖాస్తులు రాయగలిగిన నలుగురు కావాలి. కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే మరీ మంచిది. నా పేరు మొదట రాసుకోండి. హవల్దార్ సాబ్ పేరు రెండోది. ఆయన బల్ల దగ్గర కూర్చోనన్నాడు, బయట గేటు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడి జనాన్ని లోపలికి పంపిస్తానన్నాడు. నిర్మల్ పనివాడు అతికిన బట్టు ఇంకా ఊడలేదు.

 జై హింద్.